తొమ్మిది లింఫ్ గ్రంథులు: పెద్దపేగు క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును అంచనా కట్టిన ఒక కేసు

శస్త్రచికిత్స జరిగిన 24వ రోజున ఆయన నా గదికి నడిచి వచ్చారు. వయసు 61, వృత్తి చేతిగడియారాల మరమ్మతు. వెంట భార్య, పెద్ద కూతురు ఉన్నారు. ఫైలు బల్ల మీద పెట్టి, ఇంకా కూర్చోకముందే అడిగారు: "ఇది మళ్లీ వస్తుందా, రాదా? ఆ ఒక్క మాట చెప్పండి డాక్టరు గారూ." పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఈ ప్రశ్న అడగనివారు అరుదు. ఆ రోజు నేను ఇచ్చిన జవాబు తప్పు. అది ఎందుకు తప్పయింది, దాన్ని ఎలా దిద్దుకున్నాం, దిద్దుకున్న తరువాత ఏం జరిగింది అన్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలేవీ ఇందులో లేవు.

రోగం, ఆపరేషన్

నాలుగు నెలలుగా మలంలో అప్పుడప్పుడు రక్తం పడుతున్నా మొలలని సరిపెట్టుకున్నారు. బరువు తగ్గడం మొదలయ్యాక కొలనోస్కోపీ చేయించుకుంటే సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) భాగంలో చుట్టూ పెరిగిన కణితి కనిపించింది, స్కోప్ దాన్ని దాటి పైకి వెళ్లలేదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. స్కోప్ దాటకపోవడం వేరు, పేగు మూసుకుపోవడం వేరు. ఆయనకు గాలి, మలం మామూలుగానే పోతున్నాయి, పొట్ట ఉబ్బలేదు, వాంతులు లేవు. పేగు మూసుకుపోయి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సిరావడం, కణితి దగ్గర పేగుకు చిల్లు పడడం తిరగబెట్టే ముప్పును పెంచే అంశాలు. స్కోప్ దాటలేదన్న ఒక్క మాటను పట్టుకుని "అడ్డంకి ఉంది" అని ఫైలులో రాసేసి, ఆ ముద్రతోనే కీమోథెరపీ మొదలుపెట్టిన సందర్భాలు నేను చూశాను.

ఆపరేషన్‌కు ముందు సీఈఏ (ఈ క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) 7.8 ఉంది. ఆయన సిగరెట్ పూర్తిగా మానలేదు, పొగతాగేవారిలో సీఈఏ కొద్దిగా ఎక్కువగానే ఉంటుంది కనుక ఆ అంకెకు పెద్ద అర్థం ఇవ్వలేదు. ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీలో వేరేచోట వ్యాధి జాడ లేదు. లాప్రోస్కోపీ పద్ధతిలో కణితి ఉన్న పేగు భాగాన్ని తొలగించారు. కోలుకోవడంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ రాలేదు.

మొదటి రిపోర్టు, మొదటి అంకె

ఫైలులోని పేథాలజీ రిపోర్టు ఒకటిన్నర పేజీ ఉంది. మధ్యస్థ స్థాయి అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్), కండర పొరను దాటి కొవ్వులోకి చేరింది కనుక టీ3, చూసిన 9 లింఫ్ గ్రంథుల్లో ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు, కోత అంచులు శుభ్రం, లింఫ్ నాళాల్లో, రక్తనాళాల్లో చొరబాటు కనిపించలేదు. టీ అంటే కణితి లోతు, ఎన్ అంటే గ్రంథులకు పాకడం; టీ3 ఎన్0 అంటే 2ఏ దశ. నరాల చుట్టూ చొరబాటు గురించి, కణితి అంచు నుంచి కణాలు విడివడే బడ్డింగ్ గురించి, డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్ల గురించి ఒక్క ముక్కా లేదు.

ఆ రోజు ఓపీ రద్దీగా ఉంది. రిపోర్టు చదివాను, దశ చూశాను, "మీలాంటి వారు వందమంది ఉంటే పది, పన్నెండు మందికి తిరగబెడుతుంది, మిగిలినవారికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది" అన్నాను. ఆ అంకె ఊహించి చెప్పింది కాదు. డెన్మార్క్ జాతీయ రిజిస్ట్రీల లెక్కలో 2014–2019 మధ్య ఆపరేషన్ అయిన రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఐదేళ్లలో తిరగబెట్టింది 11.6 శాతం మందికి. అంకె సరైనదే, దాన్ని ఎవరికి అంటగట్టానన్న దగ్గరే పొరపాటు జరిగింది. ఆ 11.6లో 30 గ్రంథులు చూసిన టీ3 రోగులున్నారు, ఉదర పొరను చీల్చుకు వచ్చిన టీ4 రోగులున్నారు, మిస్‌మ్యాచ్ రిపేర్ లోపించినవారూ ఉన్నారు. నా ఎదుట కూర్చున్న మనిషి ఆ గుంపులో ఏ మూలన ఉన్నాడో నా చేతిలోని రిపోర్టు చెప్పలేదు. చెప్పలేదన్న సంగతిని నేను గమనించలేదు.

కుటుంబం ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ట్యూమర్ బోర్డు (వివిధ విభాగాల వైద్యులు కేసును చర్చించే సమావేశం) కోసం కేసును ఒక పేజీకి కుదిస్తున్నప్పుడు "9" అని టైపు చేసి ఆగిపోయాను. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 గ్రంథులైనా పరీక్షించాలన్నది అందరూ ఒప్పుకున్న ప్రమాణం. తక్కువ చూసి "ఏదీ లేదు" అనడానికి, ఎక్కువ చూసి అదే మాట అనడానికి చాలా తేడా ఉంది. చూడని గ్రంథిలో క్యాన్సర్ ఉంటే, నిజానికి మూడో దశలో ఉన్న రోగి కాగితం మీద రెండో దశలోనే ఉండిపోతాడు. గ్రంథుల సంఖ్య తక్కువ కావడానికి సర్జన్ మెసెంటరీని (పేగును పట్టి ఉంచే కొవ్వు పొర) తక్కువ తీయడం కారణం కావచ్చు, రోగి శరీరతత్వం కావచ్చు, నమూనా కోసినవారి ఓపిక కావచ్చు. మొదటిదాన్ని ఇప్పుడు మార్చలేం. మూడోదాన్ని మార్చవచ్చు, ఎందుకంటే ఫార్మలిన్‌లో ఆ నమూనా ఇంకా ఉంది.

నమూనాను మళ్లీ తెరిచినప్పుడు

ఆపరేషన్ వేరే ఆసుపత్రిలో జరిగింది కాబట్టి నమూనా, బ్లాక్‌లు (మైనంలో పొదిగిన ముక్కలు), స్లైడ్‌లు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. మా పేథాలజిస్టు గ్రాసింగ్ (నమూనాను కంటితో చూసి కోయడం) బల్ల మీద దాన్ని పరిచినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. మెసెంటరీ కొవ్వును సన్నని చీలికలుగా కోసి, ఒక్కో చీలికను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ వెతికారు. పెద్ద గ్రంథులు చేతికి వెంటనే తగులుతాయి, అవన్నీ మొదటిసారే తీసేశారు. మిగిలినవి రెండు, మూడు మిల్లీమీటర్లవి, ఆవగింజకన్నా కాస్త పెద్దవి, కొవ్వు రంగులోనే ఉంటాయి. గంటకు పైగా వెతికితే 8 దొరికాయి. మొత్తం 17. క్యాన్సర్ చేరిన గ్రంథి చిన్నదిగా కూడా ఉండవచ్చు కనుక, స్లైడ్‌లు తయారయ్యేదాకా మాకు నిశ్చింత లేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎన్0 నిలబడింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కేసు రాయాల్సిన పని ఉండేది కాదు. కణితి బయటి ఉపరితలం దగ్గర, కొవ్వు ఆగిపోయి ఉదర పొర మొదలయ్యే మడతలో, కొంత భాగం ముడుచుకుపోయి గరుగ్గా ఉండడం ఆమె గమనించారు. మొదటి గ్రాసింగ్‌లో అక్కడి నుంచి బ్లాక్ తీయలేదు. ఆ మడత నుంచి కొత్తగా నాలుగు బ్లాక్‌లు తీశారు. రెండో బ్లాక్ స్లైడ్‌లో క్యాన్సర్ కణాలు ఉదర పొరను దాటి దాని బయటి తలం మీదికి వచ్చాయి, చుట్టూ వాపు కణాలు, కొత్తగా పుడుతున్న సన్నని రక్తనాళాలు ఉన్నాయి. అది టీ3 కాదు, టీ4ఏ. దశ 2ఏ నుంచి 2బీకి మారింది.

తరువాత మూడు స్లైడ్‌లకు ఎలాస్టిన్ స్టెయిన్ (రక్తనాళాల గోడలోని సాగే పోగులను చూపే రంగు) వేయించారు. మామూలు రంగుల్లో ఒక ధమని ఒంటరిగా కనిపించింది. ధమని పక్కన సిర ఉండి తీరాలి, కానీ సిర ఉండాల్సిన చోట గుండ్రంగా, నున్నటి అంచుతో ఒక క్యాన్సర్ ముద్ద ఉంది. ఎలాస్టిన్ రంగులో ఆ ముద్ద చుట్టూ నల్లటి వలయం తేలింది. అది సిర గోడ. క్యాన్సర్ సిరను పూర్తిగా నింపేసింది కనుకే అది సిరలా కనిపించలేదు. పేగు గోడ బయట సిరలోకి చొరబాటు ఉందని అలా తేలింది. "ఒంటరి ధమని కనిపిస్తే వదలకూడదు" అని ఆమె తన జూనియర్‌కు చెబుతుంటే నేనూ నేర్చుకున్నాను. పెద్దపేగు రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది కాబట్టి ఈ ఒక్క విషయం మా ఆలోచనను చాలా మార్చింది.

బడ్డింగ్‌ను కూడా లెక్కించారు. కణితి ముందంచులో విడిగా జారిపోయిన ఒంటరి కణాలను, నాలుగు కణాలకు మించని చిన్న గుంపులను బడ్ అంటారు. 0.785 చదరపు మిల్లీమీటర్ల క్షేత్రంలో, అవి ఎక్కువగా ఉన్న చోట లెక్క పెట్టాలి. 2016లో నిపుణులు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 4 వరకు తక్కువ, 5 నుంచి 9 మధ్యస్థం, 10, ఆపైన అయితే ఎక్కువ. ఈయనకు 7. నరాల చుట్టూ చొరబాటు లేదు. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 నాలుగు ప్రోటీన్లూ నిలిచే ఉన్నాయి, అంటే మిస్‌మ్యాచ్ రిపేర్ వ్యవస్థ బాగానే పనిచేస్తోంది.

ఈ మొత్తం పనికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి పేథాలజిస్టును నిందించడం నా ఉద్దేశం కాదు. సగం ఖాళీగా ఉన్న రిపోర్టును పూర్తి రిపోర్టుగా చదివింది నేను.

అంకెను దిద్దడం

రెండోసారి వారిని పిలిపించి, నేను మొదట చెప్పిన మాట సరికాదని, కారణం ఇదని, క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. కూతురు మాత్రం, "అంటే ఇప్పుడు మూడో దశా సార్?" అని అడిగింది. కాదు అన్నాను, కానీ ఆ జవాబు అంత ఊరటనిచ్చేది కాదని కూడా చెప్పాల్సి వచ్చింది. ఈ దశలను నిర్ణయించే టీఎన్‌ఎం వర్గీకరణలో చాలాకాలంగా తెలిసిన ఒక వింత ఉంది. పేగు గోడలోనే ఉండి ఒకటి రెండు గ్రంథులకు మాత్రం పాకిన 3ఏ దశ రోగులు, గ్రంథులు శుభ్రంగా ఉన్నా కణితి ఉదర పొరను చీల్చుకు వచ్చిన 2బీ, 2సీ దశల రోగులకన్నా ఎక్కువకాలం బతుకుతున్నారు. మూడో దశ వారికి కీమోథెరపీ తప్పక ఇస్తారన్నది అందుకు ఒక కారణం, టీ4 స్వభావమే మరో కారణం. దశల సంఖ్యను ముప్పు నిచ్చెనగా చదవకూడదని నేను జూనియర్లకు చెప్పే మొదటి పాఠం ఇదే. దాన్ని నేనే మొదటి రోజు మరిచాను.

ఇక అంకె ఎంత? నోమోగ్రామ్‌లు (ముప్పును లెక్కగట్టే పటాలు), ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు అందుబాటులో ఉన్నాయి. ఆయన వివరాలు వేరువేరు సాధనాల్లో నింపితే ఒకటి ఇచ్చిన అంకెకు మరొకటి ఇచ్చినదానికి పొంతన కుదరలేదు. ఇది వింతేమీ కాదు. ఇద్దరు రోగుల్లో ఎవరికి ముందు తిరగబెడుతుందో చెప్పగలగడం ఒక నైపుణ్యం, చెప్పిన శాతం నిజంగా జరిగే శాతంతో సరిపోవడం మరో నైపుణ్యం. మొదటిదాంట్లో బాగా రాణించే సాధనం రెండోదాంట్లో ఘోరంగా తప్పవచ్చు, ముఖ్యంగా పాత తరం రోగుల లెక్కలతో తయారైనదైతే. పైన చెప్పిన డెన్మార్క్ లెక్కలోనే 2004–2008 మధ్య ఆపరేషన్ అయిన రెండో దశ రోగుల్లో తిరగబెట్టినది 21.9 శాతం, మూడో దశలో 35.3 శాతం. పదేళ్ల తరువాత అవే దశల్లో 11.6, 24.6కు దిగాయి. స్కానింగ్ మెరుగై, దాగి ఉన్న వ్యాధి ముందే బయటపడి నాలుగో దశలోకి వెళ్లిపోవడం, ఆపరేషన్, పేథాలజీ మెరుగుపడడం అందుకు కారణాలు అయి ఉంటాయని నా అభిప్రాయం. పాత సాధనాన్ని ఈనాటి రోగికి యథాతథంగా వాడితే ముప్పు రెట్టింపు కనిపిస్తుంది.

ట్యూమర్ బోర్డులో మేం ఒక సాధనాన్ని నమ్మడం కన్నా ఒక వ్యాప్తిని ఒప్పుకున్నాం. టీ4ఏ, సిరలో చొరబాటు, మధ్యస్థ బడ్డింగ్ ముప్పును పెంచేవి. 17 గ్రంథులు శుభ్రంగా ఉండడం, అడ్డంకి, చిల్లు లేకపోవడం దాన్ని తగ్గించేవి. మందు ఏదీ ఇవ్వకపోతే వందకు 20 నుంచి 25 మంది అని రాసుకున్నాం, లెక్కల కోసం 22 అనుకున్నాం. ఇది మా బృందం తీర్పు, ఏ పట్టికలోనూ అచ్చు గుద్దినట్లు దొరకదు.

రక్తంలో కణితి డీఎన్‌ఏ

రక్తంలో తిరిగే కణితి డీఎన్‌ఏ పరీక్ష, సీటీడీఎన్‌ఏ, చేయించుకోవాలని కుటుంబం పట్టుబట్టింది. ఆపరేషన్ గాయమే రక్తంలోకి మామూలు డీఎన్‌ఏను విపరీతంగా వదులుతుంది, అందుకని తొందరపడి తీస్తే ఫలితం మసకబారుతుంది. ఐదో వారంలో ఒకసారి, ఏడో వారంలో మరోసారి నమూనా తీశాం. రెండుసార్లూ "కనిపించలేదు" అని వచ్చింది.

"అయితే లేదన్నట్టేనా?" అని ఆయన అడిగారు. ఇక్కడ నేను కాగితం తీసి లెక్క వేసి చూపాను, మొదటి రోజు చేయాల్సిన పని అది. 2016లో ఆస్ట్రేలియా బృందం ప్రచురించిన అధ్యయనంలో, కీమోథెరపీ తీసుకోని 178 మంది రెండో దశ రోగుల్లో 14 మందికి ఆపరేషన్ తరువాత సీటీడీఎన్‌ఏ కనిపించింది, వారిలో 11 మందికి తిరగబెట్టింది. కనిపించని 164 మందిలో తిరగబెట్టింది 16 మందికి. మొదటి సగం చదివితే పరీక్ష అద్భుతం అనిపిస్తుంది. రెండో సగాన్ని తిప్పి చదవాలి. మొత్తం తిరగబెట్టినవారు 27 మంది, వారిలో 16 మందికి పరీక్ష "లేదు" అంది. పరీక్ష "ఉంది" అంటే దాదాపు నమ్మాల్సిందే, "లేదు" అన్నప్పుడు అంత నమ్మకూడదు.

ఇప్పుడు ఆయనలాంటి వందమందిని ఊహించుకోండి అన్నాను. 22 మందికి తిరగబెట్టేది ఉంది. ఆ పరీక్ష ఇదే తీరున పనిచేస్తే వారిలో 9 మందిని పట్టుకుంటుంది, 13 మందిని వదిలేస్తుంది. తిరగబెట్టని 78 మందిలో 76 మందికి పైగా "లేదు" అనే చెబుతుంది. "లేదు" అని విన్న సుమారు 90 మందిలో నిజంగా తిరగబెట్టేవారు 13. అంటే 22 శాతం 15కు దగ్గరగా దిగింది. సున్నాకు దిగలేదు.

దీన్ని సరిచూసుకోవడానికి మరో ఆధారం ఉంది. 2022లో వెలువడిన డైనమిక్ ట్రయల్‌లో 455 మంది రెండో దశ రోగులున్నారు. సీటీడీఎన్‌ఏను బట్టి చికిత్స నిర్ణయించిన వర్గంలో కీమోథెరపీ తీసుకున్నవారు 15 శాతం, మామూలు పద్ధతి వర్గంలో 28 శాతం. మందు అంత తగ్గినా రెండేళ్ల దగ్గర వ్యాధి లేకుండా జీవించి ఉన్నవారు 93.5 శాతం, 92.4 శాతం, అంటే ఏమీ నష్టం జరగలేదు. ఆ ట్రయల్ సారాంశాన్ని ఇంతటితో చదివి ఆగిపోయేవారు చాలామంది. సీటీడీఎన్‌ఏ కనిపించని వారినే మళ్లీ విడదీస్తే, మూడేళ్ల దగ్గర టీ3 వారిలో వ్యాధి లేకుండా ఉన్నది 94.2 శాతం, టీ4 వారిలో 81.3 శాతం. టీ4 వారి సంఖ్య తక్కువే, అంకె ఊగుతుంది. అయినా దాని దిశ మా లెక్కతో కలుస్తోంది. 15 నుంచి 20 మధ్య అని దిద్ది, ఫైలులో తేదీ వేసి రాశాను.

మందు ఇవ్వాలా, ఏ మందు

ఈ కేసులో అంకె నిజంగా పనికొచ్చింది ఇక్కడే. క్వాసార్ ట్రయల్‌లో 3239 మంది పాల్గొన్నారు, ఎక్కువమంది రెండో దశ వారే. ఫ్లోరోయురాసిల్ రకం కీమోథెరపీ తిరగబెట్టే ముప్పును 100 నుంచి 78కి తగ్గించింది. మొదటి రోజు అనుకున్న 11కు దాన్ని వర్తింపజేస్తే వందమందిలో ఇద్దరికి ముగ్గురికి లాభం. దిద్దిన 15–20ని మధ్యగా 18 అనుకుని వర్తింపజేస్తే నలుగురికి. వినడానికి చిన్న తేడా, కానీ ఆరు నెలలు మాత్రలు మింగాలా వద్దా అన్న తూకంలో మాత్రం చాలామందికి అది ముల్లును అటు నుంచి ఇటు తిప్పుతుంది.

ఆక్సాలిప్లాటిన్ కలపాలా అన్నది గట్టి చర్చ. టీ4 అనగానే కలపాలనే వాదన బోర్డులో వచ్చింది. 2004లో వెలువడిన మొజాయిక్ ట్రయల్ ఆ మందును నిలబెట్టింది కానీ, రెండో దశ వారిని విడిగా చూస్తే మొత్తం ఆయుష్షులో దానివల్ల లాభం కనబడలేదు. నష్టం మాత్రం స్పష్టం. 12,834 మంది మూడో దశ రోగులను కలిపి చూసిన ఐడియా విశ్లేషణలో ఆరు నెలల ఫోల్‌ఫాక్స్ (ఫ్లోరోయురాసిల్‌కు ఆక్సాలిప్లాటిన్ కలిపిన చికిత్స) తీసుకున్నవారిలో 47.7 శాతం మందికి చెప్పుకోదగ్గ నరాల తిమ్మిరి వచ్చింది, మూడు నెలలకు కుదిస్తే 16.6 శాతం. ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన తన కుడిచేతి వేళ్లను బొటనవేలితో ఒక్కొక్కటిగా తాకి చూసుకున్నారు. గడియారం లోపలి మరను పట్టకారుతో ఎత్తే మనిషికి వేలికొసల తిమ్మిరి అంటే పని పోయినట్లే. ఆక్సాలిప్లాటిన్ వద్దన్నారు. ఫ్లోరోయురాసిల్ రకానికే చెందిన కేపెసిటబిన్ మాత్రలు ఒక్కటే, మూడు వారాల వంతున ఎనిమిది సైకిళ్లు అని నిర్ణయించాం.

మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష చేయకపోయి ఉంటే ఈ నిర్ణయానికి ఆధారమే ఉండేది కాదు. ఆ వ్యవస్థ లోపించిన రెండో దశ క్యాన్సర్ తిరగబెట్టే అవకాశమే తక్కువ, పైగా ఫ్లోరోయురాసిల్ రకం మందు ఒంటరిగా ఇస్తే దానికి ప్రయోజనం ఉండదు. ఈ మందును శరీరం విరిచేయగలదో లేదో చెప్పే డీపీవైడీ జన్యు పరీక్ష కూడా చేయించాం, అది మామూలుగా ఉంది. ఎనిమిదో వారం ముగిసేలోపు మందు మొదలైంది. వేళ్లు కాపాడుకోవడానికి ఎంచుకున్న మందే మూడో సైకిల్‌లో అరచేతులను ఎర్రబరిచి, వేలికొసల చర్మాన్ని పగలగొట్టడం చూసి మేమిద్దరం నవ్వుకోవాలో బాధపడాలో తెలియని స్థితిలో పడ్డాం. మోతాదు తగ్గించాక చర్మం మానింది. ఎనిమిది సైకిళ్లూ పూర్తయ్యాయి.

పర్యవేక్షణ

ముందు స్కోప్ పైకి వెళ్లలేదు కాబట్టి ఏడాది దాకా ఆగకుండా నాలుగో నెలలోనే పూర్తి కొలనోస్కోపీ చేయించాం. పైభాగంలో ఒక చిన్న అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) దొరికితే తీసేశారు. సీఈఏ మూడు నెలలకోసారి, సీటీ ఏడాదికోసారి అని షెడ్యూలు వేశాం. ఇంత తరచుగా చూడడం అవసరమా అన్న ప్రశ్నకు న్యాయం ఉంది. 1202 మందితో జరిగిన ఫ్యాక్స్ ట్రయల్‌లో, 2509 మందితో జరిగిన కోలోఫాల్ ట్రయల్‌లో గట్టి పర్యవేక్షణ వల్ల మరణాలు తగ్గినట్లు తేలలేదు. ఫ్యాక్స్‌లో తేలింది మరొకటి: నయం చేసే ఉద్దేశంతో రెండో ఆపరేషన్ చేయగలిగిన వారు కనీస పర్యవేక్షణలో 2.3 శాతం అయితే, సీఈఏతో 6.7 శాతం, సీటీతో 8 శాతం. తిరగబెట్టేవాటిలో దాదాపు 80 శాతం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి కనుక, ఆ మూడేళ్లలో ఎక్కువ ముప్పు ఉన్నవారినైనా తప్పిపోకుండా చూడాలన్నది నా పద్ధతి.

ఆపరేషన్ తరువాత ఆరో వారంలో సీఈఏ 2.4. తరువాతివి 2.6, మందు నడుస్తున్నప్పుడు 3.1, మళ్లీ 2.5. పన్నెండో నెల సీటీ శుభ్రంగా ఉంది, సీఈఏ 2.7. పదిహేనో నెలలో 3.9. ల్యాబ్ కాగితం మీద అది మామూలే, 5 లోపు కనుక పక్కన నక్షత్రం గుర్తు కూడా లేదు. ఆయన వేరే ఊరు వెళ్లాల్సి ఉండి పద్దెనిమిదో నెల పరీక్షను వాయిదా వేయవచ్చా అని ఫోన్‌లో అడిగారు. ఫైలులో "15–20" అన్న అంకె, సిరలో చొరబాటు అన్న మాట నా కళ్ల ముందు లేకపోతే సరే అనేవాడిని. వద్దన్నాను. 5.6 వచ్చింది. సిగరెట్ మానేసి ఏడాది దాటింది కనుక ఆ సాకు లేదు. మూడు వారాలకు మళ్లీ చూస్తే 6.2. 5 అన్న గీత దగ్గర సీఈఏ తిరగబెట్టిన వారిలో 71 శాతం మందిని పట్టుకుంటుందని, తిరగబెట్టనివారిలో 12 శాతం మందిని అనవసరంగా భయపెడుతుందని కాక్రేన్ సమీక్ష లెక్క కట్టింది. అందుకే గీత కన్నా వాలునే ఎక్కువ చూస్తాను. రెండున్నర నుంచి ఆరుకు ఆగకుండా ఎక్కిన వాలు అది.

సీటీలో కాలేయం ఆరో సెగ్మెంట్‌లో 17 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. ఎంఆర్‌ఐ అది ఒక్కటేనని చెప్పింది, పెట్ స్కాన్‌లో వేరేచోట ఏమీ లేదు. టీ4ఏ చరిత్ర ఉన్న మనిషికి స్కాన్ శుభ్రంగా ఉందన్న మాట చాలదు, ఉదర పొర మీది చిన్న గింజలు సీటీకి అందవు. కాలేయం ఆపరేషన్‌కు ముందు లాప్రోస్కోపీతో పొట్టంతా కలియజూశారు. పొర శుభ్రంగా ఉంది. మచ్చను చుట్టూ తగినంత అంచుతో తొలగించారు, పరీక్షలో పాత క్యాన్సరేనని తేలింది.

రెండో ప్రశ్న

"మీరు పదిహేను, ఇరవై అన్నారు. నేను ఆ లెక్కలో పడ్డాను" అన్నారు ఆయన ఆసుపత్రి మంచం మీద, నిష్ఠూరం లేకుండానే. కేసు సమీక్షలో ఒక సహోద్యోగి, "చూశారా, అంచనా నిజమైంది" అన్నారు. తిరగబెట్టకపోయి ఉంటే కూడా అదే మాట అనేవారు. ఒక్క మనిషికి జరిగినదాన్ని బట్టి 18 శాతం అన్నది సరైనదో కాదో తేల్చలేం. మా దగ్గర 18 అని రాసిన వారందరినీ పోగేసి, ఐదేళ్ల తరువాత లెక్కపెట్టి చూడాలి. ఆ రిజిస్టరు ఈ కేసు తరువాతే మొదలుపెట్టాం, ఒక్కొక్కరికి చెప్పిన అంకెను, తేదీని, ఆ రోజు చేతిలో ఉన్న రిపోర్టులో ఖాళీగా ఉన్న గడులను అందులో రాస్తున్నాం. కేపెసిటబిన్ పని చేసిందా అన్నదీ ఈ ఒక్కరిలో చెప్పలేని సంగతే. మొదటి అంకెతోనే ఉండిపోయి ఉంటే పద్దెనిమిదో నెల వాయిదాకు నేను ఒప్పుకునేవాడినన్నది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

డిశ్చార్జి రోజున ఆయన మళ్లీ అడిగారు, ఈసారి కుర్చీలో కూర్చున్నాకే. కాలేయానికి పాకినదాన్ని తీసిన తరువాత సగం మందికి పైగా మరోసారి తిరగబెడుతుంది అని ముందుగా చెప్పాను, దాచి లాభం లేదు. ఆ తరువాత 1999లో 1001 మంది రోగుల అనుభవం నుంచి వచ్చిన ఐదు ప్రశ్నల పట్టిక తీశాను. మొదటి కణితి దగ్గర గ్రంథులకు పాకిందా, ఏడాదిలోపే తిరగబెట్టిందా, కాలేయంలో ఒకటికి మించి ఉన్నాయా, పెద్దది 5 సెంటీమీటర్లు దాటిందా, సీఈఏ 200 దాటిందా. అయిదింటికీ జవాబు "లేదు". అలా సున్నా వచ్చినవారిలో ఆ రోజుల్లో ఐదేళ్లు జీవించినవారు 60 శాతం. అది 1985 నుంచి 1998 దాకా ఆపరేషన్ అయినవారి లెక్క, ఈనాటి రోగికి ఆ అంకెను యథాతథంగా పెట్టలేనని కూడా చెప్పాను. మొదటి పట్టీలో "గ్రంథులకు పాకలేదు" అని గీత గీస్తున్నప్పుడు, అది 9 చూసి అన్న మాట కాదు, 17 చూసి అన్న మాట అని ఆయనే గుర్తుచేశారు.

మొదటి ఆపరేషన్ జరిగి ఇప్పటికి 38 నెలలు. గత వారం సీఈఏ 2.2. దుకాణంలో పూర్తిగా పని చేస్తున్నారు. తరువాతి సీటీ మరో ఆరు వారాలకు ఉంది.